పస్రా మలుపులో పడిన ట్రైలర్

హనుమకొండ,
ఫిబ్రవరి 4

ప్రియమైన చెల్లె భద్రమ్మకు,

నీ ఫోన్ ఎత్తను. నోటి మాటను రేపు కాదనొచ్చు. ఏదైనా ఉంటే కాగితం మీద రాయి.

మేడారం జాతరకు పోతూ, నేను కట్టిచ్చిన మీ ట్రైలర్ పస్రా మలుపులో పక్కకు పడింది. నీ కోడలు శ్రావణి కాలు విరిగింది. నేను ఉరుక్కుంటూ దవాఖానకు వస్తే నీ మొగుడు, మా బావ వీరభద్రం, అందరి ముందు ఏమన్నాడు? "అంత నీ వెల్డింగ్ వల్లనే! చేతులు వణుకుతానయ్, ఇగ షెడ్డు మూసుకో." నలభై ఏళ్లు ట్రైలర్లు కట్టిన చేతులివి. నిన్న ఇద్దరు రైతులు వచ్చి "జర ఆగుదాం పెద్దయ్యా" అని వెనక్కి పోయారు.

నీ కొడుకు చేసింది మాత్రం బావ చెప్పడు. ట్రైలర్ మెడ పికప్ తొట్టిలోని ప్లేటు మీద కూర్చుంటుంది. హరీష్ షోకు కోసం స్ప్రింగుల కింద దిమ్మెలు పెట్టించి బండిని జానెడు లేపాడు. మెడ లేస్తే తోక కుంగదా? "లుక్కు చూడు మామా" అన్నాడు. "దండేసిన ఫొటోల పనికొస్తది లేరా" అన్నాను. అయినా ప్లేటు దించగలిగినంత దించి, "బెల్లం మూటలన్నీ ముందే పెట్టుండ్రి" అని చెప్పి పంపాను.

బావ తన మాట వెనక్కి తీసుకోవాలి. అదే దవాఖాన వరండాలో.

మీ అన్న,
వెంకట్రాజం

తొర్రూరు,
ఫిబ్రవరి 9

అన్నయ్యకు దండాలు.

శ్రావణి కాలికి రాడ్డు వేశారు. ఆయన భయంలో నోరు జారాడు, మనసులో పెట్టుకోకు. ఎవరి తప్పూ కాదనుకుని ఇక్కడితో ఆపుదాం. వేళకు తిను.

నీ చెల్లెలు,
భద్రమ్మ

హనుమకొండ,
ఫిబ్రవరి 13

ప్రియమైన చెల్లెకు,

ఎవరి తప్పూ కాదా? ట్రైలర్‌ను షెడ్డుకు తెప్పించాను. అతుకు ఒక్కటీ విడలేదు. వెనక గోడకేమో బెల్లం ముద్దలుగా అంటుకుని ఉంది. ఆరుగురి బరువుకు తూచిన నిలువెత్తు మొక్కు బెల్లం, నాలుగు క్వింటాళ్లు, తోక మీద! మలుపులో ట్రైలర్ ఊగక ఏం చేస్తుంది?

బరువుల లెక్కలున్న పుస్తకాలు చదివి చెడిపోయానని బావ నవ్వుతాడు కదా. ఇరవై రెండున, ఆదివారం, వస్తున్నా. వాళ్ల దోస్తులందరి ముందు తండ్రినీ కొడుకునూ కడుగుతా.

వెంకట్రాజం

తొర్రూరు,
ఫిబ్రవరి 17

అన్నా,

వచ్చే ముందు ఇది చదువు. హరీష్ నువ్వు చెప్పినట్టే మూటలు ముందు పెట్టాడు. కానీ మేం కూర్చునే బల్లలు కూడా అక్కడే. అందరి కాళ్లూ అమ్మవార్లకు మొక్కిన బెల్లం, ఆ బంగారం మీదే. నాకు ప్రాణం ఒప్పలేదు. ములుగులో హరీష్ చాయ్‌కి పోయినప్పుడు "కాళ్లు తగులుతే పాపం, జరపుండ్రే" అని నేనే చెప్పాను. ఆడవాళ్లందరం కలిసి మూటలన్నీ వెనక్కి ఈడ్చాం.

దవాఖానలో నువ్వు "బరువు ఎక్కడ పెట్టిన్రు?" అని అరిచినప్పుడు తెలిసింది, నేనేం చేశానో. అయినా ఆయన నిన్ను తిడుతుంటే విన్నాను. శ్రావణి రోజూ అడుగుతుంది, "మేడారం తల్లి ఎందుకు కాపాడలేదత్తమ్మా?" అని. ఏం చెప్పను?

భద్రమ్మ

హనుమకొండ,
ఫిబ్రవరి 20

చెల్లె,

మూడుసార్లు చదివాను. కోపం తగ్గలేదు. నా పేరు మట్టిలో కలుస్తుంటే పదిహేను రోజులు చూస్తూ ఊరుకున్నావు.

నా మీద కూడా కోపంగా ఉంది. ముందు పెట్టమన్నాను, ఎందుకో చెప్పలేదు. నువ్వు అడిగితే "నీకేం ఎరుకే" అని కసిరేవాణ్ణి. అందుకే నువ్వు ఏనాడూ అడగవు.

ఆదివారం వస్తాను. శ్రావణికి నువ్వే చెప్పాలి. తల్లే తనను వదిలేసిందని ఆ పిల్ల అనుకోవడం నేను ఒప్పను. నేను పక్కన కూర్చుంటా. బావ అరిస్తే ఆ సంగతి నాకు వదిలెయ్. దిమ్మెలు తీయించేదాకా హరీష్‌తో మాట్లాడను.

తర్వాత ఊళ్లోనూ చెప్పు. వచ్చే జాతరకు తొర్రూరు నుంచి ఎన్ని బండ్లు పోతాయి! ప్రతి దాంట్లో నీలాంటిది ఒకతి, దండం పెట్టుకుంటూ మూటలు వెనక్కి జరుపుతుంది. నేను చెబితే ముసలోడు గొణుగుతున్నాడంటారు. నువ్వు చెబితే వింటారు.

అన్న,
వెంకట్రాజం