తలుపు వెనక అరగంట

ప్రియమైన టైలరు గారికి,

కొండెక్కాను. గాలి వేగం కొలవడానికి వచ్చిన మనిషిని ఆ గాలే ఎగరేసుకుపోయేలా ఉంది. ఇక్కడ ఫోన్ పలకదు. వారానికోసారి సరుకుల బండి వస్తుంది, ఆ డ్రైవరే మనకు పోస్ట్‌మన్.

అసలు విషయానికొస్తాను. పళ్ళ డాక్టరు చెప్పింది గుర్తుంది కదా? రెండు నెలల్లో చిగుళ్ళ వాపు తగ్గకపోతే మన పిచ్చుకకు మత్తిచ్చి రెండు దవడ పళ్ళు తీసేస్తారు. ఏడేళ్ళ పిల్ల! బ్రష్ పెడితే ముళ్ళు గుచ్చినట్టు, పేస్టు తగిలితే కారం పూసినట్టు దానికి నిజంగానే ఉంటుంది. మొండితనం కాదది. గుచ్చుకుంటున్నాయంటే దాని చొక్కాల్లో లేబుళ్ళన్నీ విప్పి పారేసిన మనిషి మీరు, మీకు నేను చెప్పాలా? ఒక్కటే మాట. పట్టుకుని బలవంతంగా తోమకండి. ఆ రోజు ఆసుపత్రిలో నలుగురూ పట్టుకున్నాక నెల్లాళ్ళు మన దగ్గరికే రాలేదది. అలా చెయ్యనని ఒట్టు వేయండి.

మీ ఇంటావిడ

*

ప్రియమైన వాతావరణ శాఖకు,

ఇక్కడ అంతా నిర్మలంగా ఉంది. స్కూలు యూనిఫాంల గిరాకీ, మిషను మీంచి లేస్తే ఒట్టు. పిచ్చుక బాగా తింటోంది. రెండు పూటలా బుద్ధిగా పళ్ళు తోమించుకుంటోంది. నువ్వు కంగారు పడకు. చెవులకు మఫ్లరు కట్టుకో.

నీ దర్జీ

*

ప్రియమైన టైలరు గారికి,

మఫ్లరు సంగతి తర్వాత. నేనడిగిన ఒట్టు వేయకుండా మిషను మీద వేశారే! అక్కడే నాకు అనుమానం మొదలైంది. నెలల తరబడి బ్రష్ చూస్తేనే మంచం కింద దూరే పిల్ల వారం తిరక్కుండా బుద్ధిమంతురాలైపోయిందా? చెవిలో పువ్వు పెట్టడానికి నేనే దొరికానా?

పైగా పక్కింటి సంగీతం టీచరమ్మ రాసింది. రోజూ పొద్దున్నే మన బాత్‌రూమ్ తలుపు అరగంట మూసే ఉంటోందట. లోపల్నించి "ఆ... ఆ..." అని మూలుగట. పిల్ల నవ్వూ లేదు, మాటా లేదు. శ్రుతి వెంట్రుకవాసి తప్పినా పట్టేసే చెవి ఆవిడది, పొరపాటు పడిందనుకోను. ఇక ఆవిడ ఉత్తరంలోనే పిచ్చుక గీసి పంపిన బొమ్మ ఉంది. నేల మీద ఒకళ్ళు పడుకుని ఉన్నారు, పైన ఒకళ్ళు ఎక్కి కూర్చున్నారు. పైనున్నవాళ్ళ చేతిలో పుల్లలాంటిది. కింద ఉన్నది ఎవరండీ? నా పిల్లేనా?

నిప్పు లేనిదే పొగ రాదు. నిజం రాయండి. లేకపోతే ఈ ఉద్యోగం గాలికొదిలేసి వచ్చే బండిలో దిగిపోతాను.

మీ ఇంటావిడ

*

ప్రియమైన నీకు,

నీ అనుమానం నిజమే. నువ్వు వెళ్ళిన రెండో రోజే పట్టుకున్నాను. బయట స్కూలు బస్సు హారను, లోపల నా తొందర. కాళ్ళ మధ్య ఇరికించి తోమేశాను. ఒక్క నిమిషమే. తర్వాత మూడు రోజులు అది మిషను గది గుమ్మం తొక్కలేదు. కంచం పెడితే నేను పక్కకు జరిగాకే వచ్చి తీసుకునేది. ఆ రోజుల్లోనే నీకు ఉత్తరం రాయాల్సొచ్చింది. ఏ మొహం పెట్టుకుని రాయను? అబద్ధం రాసేశాను.

ఆ తర్వాత ఒకరోజు బాత్‌రూమ్ తలుపు వేసి నేల మీద పడుకున్నాను. బ్రష్ దాని చేతికిచ్చి, "నాన్న తప్పు చేశాడమ్మా. ఇప్పుడు నువ్వు నాకు తోము" అన్నాను. ఛాతీ మీదికెక్కి కూర్చుంది. మోకాళ్ళతో నా చేతులు నొక్కిపట్టింది, నేను దాన్ని ఎలా పట్టుకున్నానో అచ్చం అలాగే. బొమ్మలో కింద ఉన్నది నేనే. అమ్మో, బ్రష్ గొంతుదాకా పోయింది, పేస్టు ముక్కుకెక్కింది. వదలమని మూలిగాను, వదల్లేదు. ఏడుపొచ్చింది నాకు, నొప్పికి మాత్రం కాదు.

అయిదు రోజులు అదే వరస. ఆరో రోజు నేను "చాలు" అనగానే చెయ్యి తీసేసింది.

"నాన్నా, మంటా?"

"మంటేనమ్మా."

వెళ్ళి బ్రష్ కడిగి, పేస్టు లేకుండా ఉత్త తడి బ్రష్ నా నోట్లో పెట్టింది. ఆ సాయంత్రమే పసిపిల్లల మెత్తటి బ్రష్‌లు రెండు కొన్నాం. డాక్టరునడిగితే ముందు పేస్టు లేకుండానే అలవాటు చెయ్యమన్నారు.

నిన్న బ్రష్ నా చేతికిచ్చి తను పడుకుంది. పదిదాకా లెక్కపెడతానన్నాను. నాలుగు దగ్గరే "చాలు" అంది. దవడ పళ్ళు ఇంకా ముట్టుకోనేలేదు, డాక్టరు పెట్టిన గడువా దగ్గరికొస్తోంది. ఇంకొక్క రెండు సెకన్లు అనిపించింది. అయినా ఆపేశాను. అది కాసేపు నా చేతికేసే చూసింది, నిజంగా ఆపానా లేదా అని. తర్వాత తనే మళ్ళీ నోరు తెరిచింది, దవడ పళ్ళు కనిపించేంత పెద్దగా.

మీ ఇద్దరికీ తప్పు చేసిన,
నీ దర్జీ