భయం మాత్ర

ప్రియమైన చెల్లెమ్మకు,

భయానికి వేసుకునే మాత్రలు మానేశానన్న నీ ఉత్తరం ఆరాధనలో చదివి వినిపించాను. హాలంతా లేచి నిలబడింది. నీ మెదడు ఫొటోలు పెట్టి డాక్టరు చెప్పింది శాస్త్రమే కావచ్చు. కాని భయం శత్రువు పని, దాన్ని తరిమేది ప్రార్థన. మాత్రకు లొంగినవాడు దేవుడికి సగమే లొంగినట్టు. బడి వ్యాను నడిపేటప్పుడు గుండె దడ వస్తే వాక్యం గట్టిగా పలుకు.

మోకాళ్ల మీద నీకోసం,
అన్నయ్య

ప్రియమైన అన్నయ్యకు,

సోమవారం వంతెన మధ్యలో వ్యాను ఆపేశాను. వెనక పదకొండు మంది పిల్లలు. గొంతు చించుకుని వాక్యం పలికాను, స్టీరింగు మీద బిగిసిన చేతులు మాత్రం కదల్లేదు. వెనక లారీ డ్రైవరు దిగొచ్చి, "ప్రార్థన ఇంటి దగ్గర చేసుకుందువు గాని, ముందు జరుగమ్మా" అని తనే బండి ఒడ్డుకు చేర్చాడు. బడివాళ్లు తాళాలు తీసేసుకున్నారు.

ఆ ఫొటోలే గుర్తొస్తున్నాయి. స్కానింగులో నాకు భయపడ్డ ముఖాలు చూపిస్తే మెదడు లోపల బాదంపప్పంత చోటు ఎర్రగా మండింది. పది వారాలు మాత్ర వేశాక అవే ముఖాలు చూపిస్తే ఆ ఎరుపు సగానికి తగ్గింది. మరి నా ప్రార్థనకు ఎందుకు తగ్గదు? నాలో ఏ లోపముందో చెప్పు.

నీ చెల్లి

చెల్లెమ్మా,

దాచుకున్న పాపమేదో ఉండే ఉంటుంది, వెతుక్కో. మూడు రోజులు ఉపవాసముండు. మళ్లీ మాత్ర ముట్టావో, మన ఇంటి పరువు వీధిన పడుతుంది.

అన్నయ్య

అన్నయ్యకు,

"ప్రియమైన" అని రాయబోతే చెయ్యి రాలేదు.

ఉపవాసంలో మూడో రోజు కళ్లు తిరిగి పడిపోయాను. పక్కింటావిడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు మళ్లీ అదే మాత్ర రాశారు. ఎదురుగా ఉన్న మందుల షాపాయన చీటీ మీద మన ఇంటిపేరు చూసి, "ప్రసంగాల సారుకి ఏమవుతారమ్మా? ఆయనదీ ఇదే మందు. ఈ నెలవి కట్టి ఉంచాను, పట్టుకెళ్తారా?" అన్నాడు. ఎన్నాళ్ల నుంచని అడిగాను. ఆరేళ్లట. మీ ఊళ్లో ఎవరి కంటా పడకుండా ఇంత దూరం వచ్చి కొంటున్నావన్నమాట.

నేనూ వీధి మూలల్లో వాక్యం చెప్పేదాన్నే. ఎవరూ నేర్పకపోయినా గ్రంథం చంకలోంచి దించలేదు. అందులో అపొస్తలుడు తన శిష్యుడి కడుపునొప్పికి కాస్త ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడే గాని, వాడి భక్తిని శంకించలేదు. మాత్ర వేసుకున్నందుకు నిన్నేమీ అనను. మోయలేని బరువులు ఎదుటివాడి నెత్తికెత్తి, తాము వేలైనా ఆనించని బోధకుల మీద ప్రభువు ఎలా మండిపడ్డాడో నీకు నేను చెప్పాలా? నీ మెదడులో మంట మాత్రతో చల్లార్చుకుని, నన్ను పాపం వెతుక్కోమన్నావు. వెతికానన్నయ్యా. చిన్నప్పుడు దొంగిలించిన పెన్సిలుతో సహా.

మాత్ర మళ్లీ మొదలుపెట్టి ఐదు వారాలైంది. దడ తగ్గుతోంది. మొన్న డాక్టరును ఒకటే అడిగాను: "దీంతో కోపం కూడా పోతుందా?"

"ఇది దానికిచ్చే మందు కాదమ్మా" అన్నారు.

హమ్మయ్య అనుకుని ఆ పూట మాత్ర వేసుకున్నాను.

ఇట్లు,
చెల్లి