పీపా మీద హీరోయిన్

లోన్ పైన్,
బుధవారం, 9 ఏప్రిల్ 1941

స్నేహితురాలు ఓపల్‌కి,

వెర్నా నీ శుభం కోరి రాస్తున్నది. నేనిక్కడ క్షేమం. మూడేళ్లుగా నువ్వొక్క ముక్క రాయకపోయినా, బిషప్ ఊళ్లో మీ అన్నయ్య గుర్రాల మధ్య నువ్వూ క్షేమమనే అనుకుంటున్నాను. చించేయకే. చివరిదాకా చదివి అప్పుడు చించు.

మన నిర్మాత పెటిబోన్ గారు ఏమీ మారలేదు. ఆరు రోజుల్లో సినిమా చుట్టేసి, ఏడో రోజు చర్చిలో కునుకు తీస్తాడు. పోస్టర్ మీద హీరో పేరు, దాని కింద ఆయన గుర్రం పేరు, ఆ కింద చీమ తలకాయంత అక్షరాల్లో నా పేరు. గుర్రం కంటే నా పేరు పైన వెయ్యండి అని నువ్వడిగినందుకేగా నిన్ను పొమ్మన్నాడు! మర్నాడే నీ వేషానికి నేను ఒప్పుకున్నాను. నువ్వు నన్ను దొంగ అన్నావు. నాకు ఒళ్లు మండిపోయింది. నువ్వన్నది నిజమేనని నెల తిరక్కుండానే తెలిసింది.

నువ్వు స్వారీ చేసిన రీళ్లన్నీ ఆయన డబ్బాల్లో దాచాడు. ప్రతి సినిమాలోనూ అవే అతికిస్తాడు. వాటికి సరిపోవాలని నాకెప్పుడూ నీ గళ్ల గౌనే, నీ తెల్ల టోపీయే. దూరాన బండల మధ్య దూసుకుపోయేది నువ్వు. కెమెరా దగ్గరికొచ్చేసరికి, గుర్రానికి బదులు పీపా మీద కూర్చున్నది నేను. ఇద్దరు దాన్ని ఊపుతారు, ఇంకొకడు మొహాన దుమ్ము కొడతాడు. పద్దెనిమిది సినిమాలు ఇలాగే లాగించాం. ఎక్కడికెళ్లినా, ఏం స్వారీ చేశావమ్మా తల్లీ అని మెచ్చుకునేవాళ్లే. నేను సిగ్గులేకుండా నవ్వుతూ సంతకాలు పెడుతున్నాను.

ఇప్పుడు నా పాపం పండింది. రీళ్లు అరిగిపోయాయట. సోమవారం ఇక్కడి బండల్లోనే మళ్లీ తీస్తారట. గుర్రమెక్కడం వచ్చని చేరిన రోజే బొంకాను కదా, ఇన్నాళ్లూ అవసరం పడలేదు. మొన్న చాటుగా ఎక్కబోతే నాకిచ్చిన గుర్రం తీరిగ్గా పక్కకి జరిగింది. నేను నేల మీదున్నాను. గుర్రాలు చూసే ముసలి ఏమస్ చూసి, నీకు కుర్చీయే ఎక్కువమ్మా, గుర్రమెందుకు అన్నాడు.

విషయం బయటపడితే నా ఉద్యోగం ఊడుతుంది. ఆదివారం బస్సెక్కి రావే. ఆ గౌనేసుకుని నా బదులు నువ్వెక్కు. మూడో కంటికి తెలియనివ్వను. కష్టంలో ఉన్నవాళ్లు పిలిస్తే నువ్వు రాకుండా ఉండలేవు, నాకు తెలుసు.

ఇట్లు,
నువ్వు ఒప్పుకుంటే నీ స్నేహితురాలు,
వెర్నా

తా.క. కవరు అంటించబోయి ఆగాను. మళ్లీ బొంకుతున్నాను. నిన్న సాయంత్రమే పెటిబోన్ గారికి అంతా చెప్పేశాను. నువ్వు చాటుగా ఎక్కాల్సిన పనేం లేదు. వేషమే నీది. దూరపు పరుగూ నీదే, దగ్గరి మాటలూ నీవే. గంటసేపు చిందులేసి ఒప్పుకున్నాడు. ఆ మాట ముందే రాస్తే, జాలిపడి ఇస్తున్నాననుకుని నువ్వు రావు. అందుకని కష్టం కథ అల్లాను. నా గురించి బెంగపెట్టుకోకు. హీరోయిన్ మేనత్త వేషం నాకిచ్చారు, సినిమా అంతా నిన్ను తిట్టడమే పని. జాలి కాదే ఓపల్. పద్దెనిమిదిసార్లు హాల్లో కూర్చుని నీ స్వారీ చూశాను. జనం చప్పట్లు కొట్టిన ప్రతిసారీ లేచి, అది నేను కాదు, మా ఓపల్ అని అరవాలనిపించింది. ఒక్కసారీ అరవలేదు. నిన్న ఆయన గదిలో అరిచాను.