ఎక్కడా పనిచేయనని రాసిచ్చాం

గుణదల, విజయవాడ
24 మార్చి 2025

స్నేహితురాలు మల్లీశ్వరికి,

స్టెల్లా నమస్కారం చేసి రాస్తున్నది. పెడనలో నువ్వూ, మీ నాన్న సాంబమూర్తిగారూ, అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేమూ కులాసాయేనని రాయాలి కాబట్టి రాస్తున్నాను. ఫోన్లో నన్ను బ్లాక్ చేశావు. తప్పు నీది కాదులే. అందుకే పోస్టాఫీసుకెళ్ళి కవరు కొన్నాను. చింపేసేముందు ఒక్కసారి చదువు.

నా పీహెచ్‌డీ పోయింది. పోయిన మంగళవారం ఆర్డరు చేతికిచ్చారు. పూర్తికాల పరిశోధకురాలిగా ఉంటూ, నిబంధనలకు విరుద్ధంగా ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఉద్యోగం చేసినందున రిజిస్ట్రేషన్ రద్దు చేయడమైనది, అంతే. నాలుగున్నరేళ్ళు ఒక్క వాక్యంలో పట్టాయి. పామర్రు చుట్టుపక్కల మూడు వందలమంది కౌలు రైతుల అరుగుల మీద కూర్చుని నింపిన ప్రశ్నపత్రాలు మంచం కింద అట్టపెట్టెల్లో ఉన్నాయి. వీటినేం చెయ్యమంటావే అని అమ్మ అడిగింది.

చేరిన రోజు గుర్తుందా? పరిశోధన ముగిసేదాకా ఎక్కడా ఏ ఉద్యోగమూ చేయనని ఇద్దరం స్టాంపు కాగితం మీద రాసిచ్చాం. మరి అన్నం ఎవరు పెడతారండీ అని నువ్వడిగితే, అది వేరే డిపార్ట్‌మెంటమ్మా అన్నాడు నోటరీ గుమాస్తా. పడీపడీ నవ్వాం. ఫెలోషిప్ వచ్చేవాళ్ళకి ఆ రూలుకో అర్థముంది. మనకు ఫెలోషిప్ రాలేదు, రూలు మాత్రం వచ్చింది.

పార్ట్‌టైమ్‌కి మార్చమని నేను యూనివర్సిటీ ఆఫీసుకి వెళ్ళకపోలేదు. ఉద్యోగంలో ఉన్నట్టు అపాయింట్‌మెంట్ ఆర్డరు తెమ్మన్నారు. మా కాలేజీ కరస్పాండెంటు ఎవరికిచ్చాడు గనక ఆర్డరు? నా ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం తన బీరువాలో పెట్టుకున్నాడు. ఒకవేళ తెచ్చినా, ఓహో, ఇన్నాళ్ళూ రూలు తప్పావన్నమాట అంటారు. కౌలు కాగితం లేని రైతుల మీద థీసిస్ రాస్తూ, చేతిలో ఏ కాగితమూ లేకుండానే పాఠాలు చెప్పాను. ఆ సంగతి థీసిస్‌లో రాయలేదనుకో.

అందుకేగా మన ఏర్పాటు. మంగళ, గురువారాలు నా క్లాసులు. సోమ, శుక్రవారాలు జూనియర్ కాలేజీలో నీవి. నేను లేని రోజు డిపార్ట్‌మెంటు హాజరు రిజిస్టరులో నా సంతకం నువ్వు పెట్టేదానివి, నువ్వు లేని రోజు నీది నేను. నీ సంతకం నీకంటే నేనే బాగా పెడతానని వెక్కిరించేదానివి.

ఫిబ్రవరి చివర్లో నోటీసొచ్చింది. ఎవరో ఫిర్యాదు చేశారమ్మా అన్నారు మన గైడు హనుమయ్యగారు. నా ఉద్యోగం సంగతి డిపార్ట్‌మెంటులో నీకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను. ఇంకేముంది, లైబ్రరీ మెట్ల మీద అందరి ముందూ నిన్ను నానా మాటలూ అన్నాను. నా పొట్ట కొట్టావన్నాను. రేపు లెక్చరర్ పోస్టు పడితే నేను పోటీ ఉండకూడదనే ఇలా చేశావన్నాను. మీ నాన్న నేసిచ్చిన చీర నీ మొహాన కొడతానని కూడా అన్నాను. నేను కాదు స్టెల్లా అని నువ్వు ఒక్క మాట అని, క్యారేజీ తీసుకుని వెళ్ళిపోయావు.

నిజంగానే నువ్వు కాదు. కమిటీవాళ్ళు నా ముందు ఒక ఫోటో పెట్టారు. మా అన్న ఫిలిప్‌కి ఆటోనగర్‌లో లారీలకు స్టిక్కర్లు వేసే షాపుందిగా, ఫ్లెక్సీలూ వేస్తాడు. గుణదల తిరునాళ్ళకి యాత్రికులకు స్వాగతమంటూ మా వీధి మొగలో ఓ పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. మేరీమాత ఒక మూల, మిగతా అంతా మా కుటుంబమే. నా ఫోటో కింద డాక్టర్ స్టెల్లా, ప్రొఫెసర్ అని, కాలేజీ పేరుతో సహా ఉంది. పట్టా రాకముందే డాక్టరు, ఆర్డరు లేకుండానే ప్రొఫెసరు! మన యూనివర్సిటీ ఆఫీసు సూపరింటెండెంటు కుటుంబంతో మొక్కు తీర్చుకోవడానికి వచ్చాడు. తలెత్తి చూశాడు, ఫోన్ తీశాడు. ఫిర్యాదు ఆయనదే.

అన్నని ఏమనను? వాడికి రూళ్ళు తెలియవు. నాకు తెలుసు. ముందే వాట్సాప్‌లో పంపించాడు, చూసుకోమని. ఫోటో బాగాలేదు మార్చమన్నాను, అక్షరాలు మార్చమనలేదు. బాగుందనిపించింది, మల్లీ. నన్ను ఎవరైనా అలా పిలవడం అదే మొదలు.

కమిటీలో ముగ్గురున్నారు. మంగళ, గురువారాలు కాలేజీ టైమ్‌టేబుల్లో నీ పేరుంది, ఇక్కడ అవే రోజుల్లో సంతకాలున్నాయి, ఒకేసారి రెండు చోట్ల ఎలా ఉన్నావమ్మా అని అడిగారు. హనుమయ్యగారు ఫైలులో తలపెట్టుకున్నారు. ఆయన ఎగ్గొట్టిన ఎమ్మే క్లాసులన్నీ మూడేళ్ళు మనమే చెప్పాం. దాన్ని ఉద్యోగమని ఎవరూ అనలేదు, జీతం లేదుగా! ఆ మాట నోటిదాకా వచ్చింది. అనలేదు. తల వంచుకుని నిలబడ్డాను.

ఇదంతా నీకు చెప్పి క్షమాపణ అడగాలనే రాస్తున్నాను. ఆ రోజు మెట్ల మీద నిన్ను చూసి నవ్వినవాళ్ళందరికీ నేనే వెళ్ళి నిజం చెప్పాను. ముగ్గురు విన్నారు, మిగతావాళ్ళకి తీరిక లేదట. జూన్‌లో నువ్వు థీసిస్ ఇస్తున్నావని విన్నాను. మగ్గం గుంటలోంచి లేవకుండా నిన్నింత చదివించిన మీ నాన్నగారు ఆ రోజు చూడాలని నాకు నిజంగానే ఉంది. నమ్మకపోతే నమ్మకపో.

ఇట్లు,
నీతో పలకరింపుకు నోచుకోని
స్టెల్లా

తా.క. తల వంచుకుని నిలబడ్డానని పైన రాశాను. అక్కడితో ఆగలేదు. ఆ సంతకాలు ఎవరు పెట్టారో రాసిస్తే నన్ను పార్ట్‌టైమ్‌కి మార్చే సంగతి చూస్తామన్నారు. తెల్ల కాగితం ఇచ్చారు. నీ పేరూ, మీ జూనియర్ కాలేజీ పేరూ, నువ్వు వెళ్ళే వారాలూ రాసి సంతకం చేశాను. అప్పటికి ఫ్లెక్సీ ఫోటో నా ముందే ఉంది. ఫిర్యాదు చేసింది నువ్వు కాదని తెలిసే రాశాను. కాగితం తీసుకున్నారు, నన్నూ తీసేశారు. నీకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు నేడో రేపో వస్తుంది, జవాబుకి ఏడు రోజులే గడువు. సోమ, శుక్రవారాల సంతకాలు నీకు తెలియకుండా నేనే దొంగతనంగా పెట్టానని రాయి, చేతిరాత నాదే, నేను కాదనను. నువ్వు పెట్టిన నా సంతకాలకీ, మీ కాలేజీ సంగతికీ మాత్రం ఏం రాయాలో ఎంత ఆలోచించినా నాకు తోచలేదు.