మోట నేర్చిన పందెం ఎద్దులు

ఈపూరు,
ఫాల్గుణ మాసం, 1944.

పటాలంలో ఉన్న మా ఇంటివారికి గురవమ్మ నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, గొడ్లూ, కోళ్ళూ క్షేమం. అక్కడ మీరు వేళకు తింటున్నారని తలుస్తాను.

మీ ఉత్తరం అందింది. బర్రె ఈనిందా అని అడిగారు. ఈనింది, పెయ్యదూడ. వంగతోట నిలిచిందా అన్నారు. నిలిచింది. కంచెమీద బీర పాకింది. మంచి కాయలు సంతకు, పుచ్చులు మేకలకు, మేకల పెంట మళ్ళీ మళ్ళలోకే. బయటినుంచి నేను తెచ్చుకునేది ఉప్పూ కిరసనాయిలూ మాత్రమే. మీ పందెం ఎద్దుల సంగతి మాత్రం ప్రతి పేరాలోనూ అడిగారు. నా గురించి చివర ఒక ముక్క. సంతోషం. ఎద్దుల సంగతి రాస్తాను, కాస్త ఆగండి.

ముందు మీ అన్నగారి ఘనత వినండి. అందరూ పొగాకు వేస్తున్నారని ఆయనా వేశారు. వాళ్ళ ఇంట్లోకి కూర మాత్రం రోజూ మన తోటలోదే. కాయలు తింటారు గాని తోటలోకి అడుగుపెట్టరు, పెంటకంపు పడదట. మన అరుగుమీద కూర్చుని, తలపాగా సర్దుకుంటూ, "ఏందమ్మా ఈ మేకపెంట బతుకు? ఆ వంగమొక్కలు పీకి పారేసి ఆ నేలచెక్క నాకియ్యి, పొగాకులో కలుపుకుంటా. తమ్ముడొస్తే నేజెప్పుకుంటాలే" అంటారు. తమ్ముడు రాడని కాబోలు ఆయన ధీమా.

కార్తీకంలో మన మోట ఎద్దుల జతలో ముసలిది చచ్చిపోయింది. ఒంటెద్దుతో మోట నడవదు, బావిలో నీళ్ళు పైకి రావు. బాడుగకు ఎవరైనా ఎద్దును ఇద్దామన్నా మీ అన్నగారు ఇవ్వనివ్వలేదు. నీళ్ళు లేకపోతే తోట ఎండుతుంది, ఎండితే చెక్క ఆయన చేతిలో పడుతుంది. ఆ తెలివికి మాత్రం లోటు లేదు.

శివరాత్రి తిరునాళ్ళకు ముందు ఆయనే వచ్చి మీ పందెం ఎద్దుల పలుపులు విప్పారు. "బండలాగుడులో తమ్ముడి పేరు నిలబెడతా. గెలిచినాక ఇయ్యి నా కొట్టంలోనే ఉంటయ్యి" అన్నారు. పెద్దవారు గదా, నేను నోరెత్తలేదు.

తిరునాళ్ళలో నేనూ పక్కింటి పాపమ్మత్తా కూరగాయల గంపలు పెట్టుకుని కూర్చున్నాం. డప్పులు మోగాయి. ఎద్దుల కొమ్ములకు కుచ్చులు, ఆయనకు కొత్త తలపాగా. ఎద్దులు బండను కొంతదూరం బ్రహ్మాండంగా లాగాయి. అక్కడ ఆగాయి. ఆగి, తీరిగ్గా వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. ఆయన చర్నాకోల ఝళిపిస్తే ఇంకాస్త తొందరగా వెనక్కి వచ్చాయి.

"ఏందయ్యో, బండ లాగమంటే నీళ్ళు తోడతన్నయ్యే" అన్నది పాపమ్మత్త, అందరికీ వినపడేట్టు. జనం పడీపడీ నవ్వారు.

ఇక దాచను. బండ తప్ప మరో బరువు లాగకూడదని మీరు ఒట్టు పెట్టించి వెళ్ళిన ఆ ఎద్దులను కార్తీకం నుంచి నేనే మోటకు కడుతున్నాను. ఉలవలు మేసి, ఒళ్ళు తోమించుకుని, ఏడాదికి ఒక్క పూట పనిచేసే దొరలవి. మోటబాట దిగువకు లాగడం చిటికెలో వచ్చింది. బొక్కెన నీళ్ళు కుమ్మరించాక వెనక్కి నడిచి గట్టెక్కడం నేర్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ నడక అలవాటైన ఎద్దు పందేనికి పనికిరాదని నాకు తెలుసు. తోటలోకి ఒక్కసారి తొంగిచూస్తే మీ అన్నగారికీ తెలిసేది. చూసినవాళ్ళెవరూ ఆయన చెవిన వెయ్యలేదు, ఊళ్ళో ఆయనంటే అంత ప్రేమ. పలుపులు విప్పేటప్పుడు నేనైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అందుకు నాకు బాధా లేదు.

మర్నాడే పాలేరు చేత ఎద్దులను తిరిగి మన ఇంటికి తోలించారు. చెక్క మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ఎద్దులను ఇక ఎవరూ అడగరు. తోట తడుస్తోంది.

మీ పరువు పోయిందని కోపం వస్తే రానివ్వండి. నలుగురిలో మీసం తిప్పాలనే గదా మీరు పటాలంలో చేరారు. ఎవరి యుద్ధమో తెలియదు, ముందుకు పొమ్మంటే పోతున్నారు. వెనక్కి రావడం మీ ఎద్దులే నేర్చుకున్నాయి. మీరూ నేర్చుకోండి.

ఇట్లు,
మీ ఎద్దుల వెంట మోట తోలుతున్న
మీ భార్య గురవమ్మ