మా మందిరం ముందు మీరు మూసిన చెవి

విద్యుత్ సరఫరా సంస్థ, కంట్రోల్ రూము పెద్ద అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా ప్రార్థన మందిరం ముందు రోడ్డు కింద పోవు హై వోల్టేజి కేబుల్‌కు తమరు ఆపించిన అలారమును, సోమవారం తవ్వకం మొదలుకాక మునుపే తిరిగి తెరిపించుట గురించి.

నేను బోధ ఏ బడిలోనూ నేర్వలేదు. గ్రంథం ఒళ్ళో పెట్టుకుని కూడబలుక్కుని చదువుకున్నవాడిని. మర్యాదలో లోపముంటే మన్నించనక్కరలేదు. విషయంలో లోపముంటే చూపించండి.

1. సదరు కేబుల్ పక్కన తమ సంస్థ వారు వెంట్రుకంత గాజు దారం పరిచియున్నారు. దానిలో వెలుగు పారుతుందనీ, పైన నేల అదిరితే ఆ వెలుగు వణుకుతుందనీ, ఎక్కడ అదిరినదీ తమ తెర మీద ఎర్రగా కనబడుతుందనీ, ఎవడైనా తవ్వి కేబుల్ తెంపక మునుపే జీపు పంపుతారనీ తమ వారే చెప్పియున్నారు. మంచిదే. గోడ మీద కావలివాడు ఉండాలనే మా లేఖనమూ చెబుతుంది.

2. ఆదివారం మేము డ్రమ్ము కొట్టి, కాళ్ళు నేలకు తాటించి పాడతాము. పాడినప్పుడల్లా తమ జీపు దుమ్ము లేపుకుంటూ వచ్చినది. ఒకసారి అందులోని ఉద్యోగి గుమ్మంలో నిలబడి, "పెద్దాయనా, దేవుడికి చెవుడా? మెల్లగా పాడితే వినడా?" అన్నాడు. "ఆయనకు కాదు నాయనా, నీకే. లోపలికొచ్చి కూర్చో" అన్నాను. కూర్చోలేదు.

3. తరువాత జీపు రావడం మానినది. తమకు బుద్ధి వచ్చినదనుకున్నాను. రాలేదు.

4. మా వీధిలో మంచినీటి గొట్టాల కోసం తవ్వుచున్న యంత్రాన్ని నడిపేది మా అల్లుడే. వాడు మందిరం గడప తొక్కడు. నన్ను మైకు మామయ్య అంటాడు. నిన్న యంత్రం పళ్ళు కేబుల్ మీద కప్పిన పలకను పగలగొట్టినవి. ఇంకో జానెడు దిగితే మా అమ్మాయికి మొగుడు లేడు. వాడు ఒళ్ళంతా చెమటతో వచ్చి, తొక్కనన్న గడపలోనే కూలబడి, "జీపేది మామయ్యా? నీ దరువుకే పరిగెత్తుకొచ్చేవాళ్ళు కదా!" అన్నాడు. ఈలోగా మేస్త్రీ పలక మీద మట్టి తోయించి, సోమవారం మళ్ళీ తవ్వుదామన్నాడు.

5. నేను తిన్నగా తమ కంట్రోల్ రూముకు వచ్చితిని. తెర ముందున్న ఆపరేటరమ్మ, "మీరు గంతులేస్తే తెర ఎర్రబడుతోందండీ. ఊరికే ఎన్నిసార్లు పరిగెడతాం? మీ మందిరం ముందున్న కేబుల్ ముక్కకు అలారం ఆపేయమని సారే చెప్పారు" అన్నది. సారు అనగా తమరు. మీటింగులో ఉన్నామని చెప్పించినారు. తలుపు అద్దంలోంచి చూస్తిని. గదిలో తమరూ, తమ టీ కప్పూ తప్ప ఎవరూ లేరు.

అయ్యా, కావలివాడు కునుకు తీస్తే పాపమే. కానీ కావలివాడి చెవిలో దూది కుక్కి, వాడిని గోడ మీద అలాగే నిలబెట్టి, జనాన్ని నిశ్చింతగా పడుకొమ్మన్నవాడి పాపానికి కొలత లేదు. "అలారం ఉందిలే, తవ్వు" అని మేస్త్రీ అంటున్నది తమను నమ్మియే. సోమవారం యంత్రం ఎక్కవద్దని అల్లుడి కాళ్ళావేళ్ళా పడ్డాను. పిల్లనిచ్చినవాడిని, పడ్డాను. "నేను దిగితే ఇంకొకడు ఎక్కుతాడు మామయ్యా. వాడికీ పెళ్ళాముంటుంది" అన్నాడు.

కావున అలారం తెరిపించండి. నా డ్రమ్మే అడ్డమైతే, తవ్వకం ముగిసేదాకా అది మూల కూర్చుంటుంది. ఈ ఆదివారం మా వాళ్ళంతా చాపల మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గుసగుసగా పాడతారు. ఏ అధికారికీ గొంతు తగ్గించనని ఒట్టు పెట్టుకున్నవాడిని. ఇప్పుడు తగ్గించినది మా అమ్మాయి కోసం. తమ కోసమని పొరపాటు పడవద్దు.

చిత్తగించవలెను. చిత్తం లేకున్నా చదవవలెను.

తమకు గాక, తమను పుట్టించినవానికి విధేయుడు,
మందిరం బోధకుడు

తా.క.: సోమవారం పొద్దున్నే యంత్రం కదలకముందు నేను సరిగ్గా ఆ కేబుల్ మీద నిలబడి, నా బలం కొద్దీ నేలను తొక్కుతాను. జీపు వచ్చిందా, అలారం తెరిచినట్టే, తప్పుకుంటాను, అల్లుడు తవ్వుకుంటాడు. రాలేదా, యంత్రం తొట్టిలో ఎక్కి కూర్చుంటాను. నన్ను దించడానికి తమరే రావాలి. టీ తాగేసి రండి, ఆలస్యమవుతుంది.