భిక్షం హోటల్ లేని గోడ

మార్చి 6, 2023

రోడ్డు వెడల్పు కాకముందు ఊరు ఎట్లా ఉండేదో బస్టాండు పక్క గోడ మీద బొమ్మ వేయాలట. కౌన్సిలర్ విజేందర్ ఇంటికొచ్చి అడిగాడు. ఫ్లెక్సులోల్లకు గా ఊరు ఎరుకలేదు, నీకే యాదుంటది తాతా అన్నాడు. వెంటనే సరే అనలేదు. చెట్లకు నీళ్ళు పోయడం అయ్యేదాకా నిలబెట్టాను.

మార్చి 9

పాలమూరు పోయి రంగులు తెచ్చాను. బ్రష్‌లు నావే. కొత్తవి చేతికి పట్టవు.

మా పెరడంతా గరుసు నేల. ముప్పై ఏండ్ల కింద నేనూ మా ఇంటామె అమృతమ్మా గడ్డపారతో గుంతలు తీసి, కుండల అడుగున బెజ్జం పెట్టి, మొక్కల పక్కన పాతాం. ఒకసారి నింపితే నాలుగు రోజులు వేరు తడుస్తుంది. సీతాఫలాలు, మునగ అట్లానే బతికాయి. కంచె పొంట ఉన్న నాగజెముడుకు ఆ కుండ కూడా అక్కర్లేదు. అమృతమ్మ దాన్ని, నీ తోడబుట్టింది, అందుకే ఒళ్ళంతా ముళ్ళు అంటుంది.

మార్చి 15

సగం గోడ అయింది. వారం అంగడి వేశాను. సీతాఫలాల గంపలు, గాజుల మలారం, కంబళ్ళు పరుచుకుని కూర్చున్న కురుమలు. అప్పుడు గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే బస్సులు ఆగేవి. ఇప్పుడు బస్సుల కోసం మంద ఆగుతుంది. వేస్తుంటే పాత దుమ్ము వాసన వచ్చినట్టయింది. ప్రతి దుకాణం బోర్డూ నేను రాసిందే. ఏది ఏ రంగో ఎవరినీ అడగలేదు.

మార్చి 17

భిక్షం హోటల్ వేయలేదు. వేయను.

మార్చి 18

ఎందుకో రాసుకుంటాను. నేను ఊళ్ళో రాసిన మొదటి బోర్డు భిక్షం టీ హోటల్‌ది. రేకు మీద నీలం అక్షరాలు, పసుపు నీడ. రాస్తున్నంత సేపూ పక్కన నిలబడి చాయ్ ఇచ్చాడు. తర్వాత ఇరవై ఏడేండ్లు రోజూ అక్కడే తాగాను. రాష్ట్రం వచ్చిన మరుసటేడు తన ఫోటోతో ఫ్లెక్స్ కట్టించాడు. కట్టిస్తే కట్టించాడు. నా బోర్డును కోళ్ళ గూటికి కప్పు చేశాడు. ఆ రోజు నుంచి మాట లేదు.

మార్చి 21

అందరూ ఆ ఖాళీనే చూస్తున్నారు. కూరగాయల బీరమ్మ గంప దించి మరీ అడిగింది. హోటల్ ఏడబోయింది బావా, రోడ్డు మింగకముందే నువ్వు మింగినవా అని. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ చోట మా నాగజెముడు వేయడం మొదలుపెట్టాను.

మార్చి 24

మూడు రోజులు పట్టింది. పసుపు పూలకు ఎండ పడ్డట్టే ఉంది. గోడ మొత్తంలో ఇంత బాగా వచ్చింది ఇంకోటి లేదు.

మార్చి 26, సాయంత్రం 5

భిక్షం వచ్చాడు. చక్కెర జబ్బుతో చూపు పూర్తిగా పోయిందని విన్నాను గానీ ఇంత సన్నబడ్డాడనుకోలేదు. బిడ్డ శోభ చెయ్యి పట్టుకుని తెచ్చింది. నేను నిచ్చెన మీద ఉన్నాను.

మన హోటల్ ఉందా బిడ్డా అని అడిగాడు. శోభ నాగజెముడును చూసింది. ఉంది బాపూ, పెద్దగేసిండు అన్నది. బోర్డు గూడ రాసిండా, ఏం రంగు అన్నాడు. ఎర్ర రంగు అన్నది. పాపం, దానికేం యాదుంటుంది.

ఆయన ఒప్పుకోలేదు. ఎర్ర రంగు ఎట్లయితది? నీలం, పసుపు నీడ. దశరథం మర్శిపోయేటోడు గాదు, సక్కగ చూడు అన్నాడు. తర్వాత, వాడు ఈడున్నడా అని అడిగాడు. శోభ నా దిక్కు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. లేడు బాపూ అన్నది.

ఒక అబద్ధం ఆయన కోసం, ఒకటి నా కోసం. రెండూ ఆ పిల్లతోనే చెప్పించాను.

మార్చి 27

రాత్రి అమృతమ్మకు చెప్పాను. మరి పోయి చెప్పు, నీ హోటల్ లేదని, నోరుంది గదా అన్నది. అన్నం తినకుండా లేచాను.

పొద్దున్నే పోయి నాగజెముడు మీద తెల్ల రంగు కొట్టాను. పూలు రెండు పూతలు కొడితే గానీ పోలేదు.

మార్చి 28

హోటల్ వేశాను. రెండు బల్లలు, పొయ్యి, పొగకు నల్లబడ్డ దూలం. బోర్డు చెయ్యి అందే ఎత్తులోనే ఉంది. దానికి మాత్రం ఎనామెల్ రంగు వాడాను. రేకు మీద అదే కదా వాడింది. ఆరడానికి ఒక రోజు పడుతుంది. శోభకు ఫోన్ చేసి, మీ బాపుకు నీలమే అని చెప్పమన్నాను. ఇంకేం చెప్పమంటరు పెద్దబాపూ అని అడిగింది. ఫోన్ పెట్టేశాను.

మార్చి 29

నేను పోయేసరికి బోర్డు మీద నాలుగు వేళ్ళ చారలు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, మెల్లగా తడుముతూ పోయినట్టు. నీలం పసుపులో కలిసిపోయింది.

దిద్దలేదు.